ఎవరి గొంగడి పరిచావు

మిర్యాలగూడ,
1949 ఫిబ్రవరి 6.

సోమన్న అన్నకు, చెల్లెలు శాంతకుమారి నమస్కారాలు.

ఇంట్లో అందరూ, గొర్లతో సహా, క్షేమమని తలుస్తాను. గొర్లను అడగకపోతే నువ్వు అలుగుతావు కాబట్టి ముందే అడిగేశాను. పద్మమ్మ వదినకు మోకాలి నొప్పి తగ్గిందా?

ఒక మంచి వార్త. నాకు సొంత ఇల్లు వచ్చేలా ఉంది! మా బడి వెనక వీధిలో పెంకుటిల్లు, రెండు గదులు, వాకిట్లో జామచెట్టు. కోదాడలో బియ్యం మిల్లు నడిపే దశరథ గారిది. సూర్యాపేట రోడ్డు పక్కనున్న మా నాన్న చేను ఆయనకు నచ్చిందట. లారీలు నిలుపుకోవడానికి షెడ్డు వేస్తారట. చేను ఆయనకు, ఇల్లు నాకు. ఈ ఊరికి టీచరుగా వచ్చిన నాటి నుంచి కిరాయి ఇళ్లు మారుతూనే ఉన్నాను. ఒక ఇంటివాళ్లు ప్రార్థన మెల్లగా చేసుకోమంటారు, ఇంకో ఇంటివాళ్లు పొద్దుగూకాక నీళ్లు తోడొద్దంటారు. పెళ్లి కాని ఆడదానికి ఇల్లివ్వాలంటే ఊరందరికీ అనుమానాలే.

మూడేళ్ల కింద నాన్న పోయినప్పుడు, చేను సంగతులు నా బదులు నువ్వు చూడమని నీ పేర ముఖ్తార్‌నామా రాయించాను కదా. దశరథ గారు వస్తే హద్దులు చూపించు. మనం చిన్నప్పుడు ఎక్కి కూర్చున్న ఆ పెద్ద బండ, ఏనుగు గుండు, ఇంకా అలాగే పడుకుని ఉందా? దాని మీద నువ్వు బొగ్గుతో రాసిన 'అ' ఎంత వంకరగా ఉండేదో! నాన్న దాన్ని చూసి, "సోమా, ఇది అక్షరమా, గొర్రె కొమ్మా?" అనేవాడు.

వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు,
శాంత

*

సూర్యాపేట,
ఫిబ్రవరి 20.

చెల్లె శాంతకు, అన్న సోమన్న దీవెనలు.

ఉత్తరం అందింది. మీ వదిన మోకాలు వాన రాకను నాకంటే ముందు చెబుతోంది. గొర్లు బాగున్నాయి. బొల్లిమూతి ఈనింది, రెండు పిల్లలు. ఒకటి తల్లి పోలిక, ఇంకొకటి కాకిలా నలుపు. ఆ నల్లది పుట్టిన రోజే నా తలపాగ నమిలింది. కొమ్ముల పొట్టేలు ముసలిదైపోయింది గానీ పొగరు తగ్గలేదు, నిన్న పోస్టు జవానును గోడ ఎక్కించింది. నీ ఉత్తరం ఆయన గోడ మీది నుంచే విసిరాడు.

గుండు అలాగే ఉంది. నా 'అ' మాత్రం వానలకు పోయింది. మీ నాన్న దేవదాసు పంతులు వానాకాలంలో మా గొర్ల కొట్టంలోకి వచ్చి చదువు చెప్పిన రోజులు తలచుకుంటే కడుపు నిండుతుంది. తడిసిన గొర్ల వాసనకు నువ్వు ముక్కు మూసుకునేదానివి. పంతులు మాత్రం, "ఏసు పుట్టింది కూడా ఇట్లాంటి కొట్టంలోనే బిడ్డా" అని నీ చేయి తీసేసేవాడు. మా అమ్మ తిరుపతమ్మ నిప్పుల్లో సీతాఫలాలు కాల్చి ఇచ్చేది. నువ్వు గింజలు నా వీపు మీదికి ఉమ్మేదానివి, అది నువ్వు మరిచిపోయినా నా వీపు మరవలేదు.

అమ్మ నీకిచ్చిన గొంగడి ఉందా? పురుగు పట్టకుండా వేపాకు వేసి పెట్టు.

దశరథ గారిని ఇప్పుడే రావద్దను. ఎండలు ముదురుతున్నాయి, పెద్దమనిషి బాధపడతాడు. వానలు పడ్డాక చూస్తే చేను చూడముచ్చటగా ఉంటుంది. తొందర ఏముంది?

సోమన్న

*

కోదాడ,
మార్చి 13.

సోమన్నకు,

'అన్నకు' అని రాయడానికి చేయి రావడం లేదు. సెలవులని మేనత్త ఇంటికి కోదాడ వచ్చాను. పొద్దున దశరథ గారు కబురంపితే మిల్లుకు వెళ్లాను. నీ మాట వినకుండా ఆయన పోయిన వారమే చేను చూసి వచ్చారట. నాలుగు మాటలు మర్యాదగానే చెప్పారు, కానీ నా తల కొట్టేసినట్టయింది.

"చేను బాగుందండీ టీచరమ్మగారూ. కాకపోతే మీరు మెట్ట అన్నారు, అక్కడ పెద్ద బావి ఉందండీ. బావిలోంచి ఒకాయన మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని పైకొచ్చి, 'ఇది నా చేను, నువ్వెవరు?' అన్నాడండీ. పేరు లచ్చయ్యట. మీరు ముందే ఎవరికైనా అమ్మేశారా?"

లచ్చయ్యా? నాన్న ఉన్నప్పుడు మా బండి తోలిన లచ్చయ్యేనా? నా చేనులో ఆయన బావి తవ్వడమేమిటి, ఆయనది కావడమేమిటి? ఇంత జరుగుతుంటే నువ్వు నాకు బొల్లిమూతి పురిటి ముచ్చట్లు రాశావు. సీతాఫలాలు తినిపించి, ఎండలు ముదిరాయని చెప్పి పంపావు.

కంచే చేను మేసిందంటారే, అది ఇన్నాళ్లూ పిల్లలకు పాఠంలో చెబుతూ వచ్చాను. ఇప్పుడు అర్థం తెలిసింది. ఏం చేశావో ఉన్నది ఉన్నట్టు రాయి. గొర్ల గురించి ఒక్క ముక్క రాసినా ఉత్తరం చించేస్తాను.

శాంతకుమారి

*

సూర్యాపేట,
ఏప్రిల్ 2.

చెల్లె శాంతకు,

నీ కోపం న్యాయమైనది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

రజాకార్ల గడబిడలో లచ్చయ్య గుడిసె కాలిపోయింది. భార్య ముత్తమ్మను తీసుకుని సరిహద్దు దాటి పోయాడు. పోలీసు చర్య అయ్యాక, పోయిన దసరా వెనక, కట్టుబట్టలతో తిరిగి వచ్చాడు. నీ చేను అప్పటికి రెండేళ్లుగా బీడు. పడావు పడిన భూమి కనిపిస్తే ఎవరో ఒకరు నాగలి దింపుతారని నాకు భయం. అందుకే లచ్చయ్యను అడిగాను.

"కౌలుకు చేస్తవా లచ్చయ్యా?"

"నీళ్లు లేని చేను చేసి ఏం తినాలె సోమన్నా? బాయి ఉంటే గాని పంట రాదు. పరాయి చేన్ల బాయి ఎవడు తవ్వుతడు?"

వెనక నుంచి ముత్తమ్మ అంది: "గీడ నీళ్లు పడితే ఈ చేను మాకే అమ్మిస్తనని మాటియ్యి. ఇద్దరం తవ్వుకుంటం. మెల్లమెల్లగ పంట మీద కడతం."

నేను గొంగడి పరిచాను, చెల్లే. మా వాళ్ల పద్ధతి నీకు తెలుసు. గొంగడి పరిచి, ఎదుటివాళ్లను దాని మీద కూర్చోబెట్టి ఇచ్చిన మాట తప్పకూడదు. తప్పితే ఆ గొంగడి ఎవరిదో వాళ్లే జవాబు చెప్పుకోవాలి. నీ బదులు నన్ను పెట్టావు కనుక నీ బదులు మాట ఇవ్వొచ్చనుకున్నాను. ఎటూ నువ్వు వచ్చి దున్నేది లేదు, ఎప్పటికైనా అమ్ముతావు, అమ్మేదేదో మనవాడికి అమ్ముతావులే అనుకున్నాను.

వాళ్లిద్దరే తవ్వారు. ఆయన తవ్వడం, ఆమె మోయడం. రాయి అడ్డం పడితే కట్టెలు పేర్చి కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారు. ముత్తమ్మ అరచేతులు చూస్తే అన్నం సహించదు. మాఘంలో నీళ్లు పడ్డాయి. పడ్డాక నీకు రాద్దామని ఆగాను, పడకపోతే రాసే పనే లేదని. ఆ వారమే నీ ఇంటి ఉత్తరం వచ్చింది. ఇక కలం కదలలేదు, గొర్ల వెనక దాక్కున్నాను.

ఇల్లు వస్తుందని నువ్వు ఎంత సంబరపడ్డావో తెలుసు. ఇప్పుడేం చేయమంటావో చెప్పు.

సోమన్న

*

మిర్యాలగూడ,
ఏప్రిల్ 17.

సోమన్నకు,

ఇక్కడ ఒక వకీలును కలిశాను. ముఖ్తార్‌నామా చదివి ఆయన చెప్పింది ఇది: కాగితంలో రాసింది చేను కౌలుకివ్వడం, పన్ను కట్టడం, హద్దులు కాపాడడం. అమ్మే అధికారం ఎక్కడా లేదు. ముఖ్తారు తనకిచ్చిన అధికారం లోపల పని చేస్తే దాని బాధ్యత సొంతదారుది. అధికారం దాటి మాట ఇస్తే సొంతదారుకు సంబంధం లేదు, ఇచ్చినవాడే తన సొంతం నుంచి నష్టం కట్టుకోవాలి. అంటే లచ్చయ్య కష్టానికి జవాబు నువ్వే, నేను కాదు.

గొంగడి సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "ఎవరి గొంగడి పరిచాడమ్మా, మీదా, తనదా?" అని అడిగాడు. తనదే అన్నాను. "ఇంకేం మరి, మా చట్టమూ వాళ్ల కులమూ ఒకే మాట అంటున్నాయి" అన్నాడు.

చివరికి ఇంకో ప్రశ్న వేశాడు: "ఆ లచ్చయ్యతో మీరు స్వయంగా ఎప్పుడైనా ఏమన్నా అన్నారా? అంటే సంగతి వేరే అవుతుంది." లేదన్నాను. నేను లచ్చయ్యతో మాట్లాడి మూడేళ్లు అవుతుంది.

నీ మీద నాకు పగ లేదు. కానీ నేనూ మనిషినే. నలభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి, నా పొయ్యి నా ఇష్టం వచ్చిన గోడకు ఆనించి వేసుకోవాలని ఉండదా? దశరథ గారు వానాకాలం కోతల దాకా ఆగుతానన్నారు. లచ్చయ్యతో నువ్వే తేల్చుకో. ఎలా తేల్చుకుంటావో నాకు రాయనక్కర్లేదు.

శాంతకుమారి

*

సూర్యాపేట,
జూన్ 19.

చెల్లె శాంతకు, అన్న సోమన్న దీవెనలు.

అందరం క్షేమం. నువ్వు రాయొద్దన్నావు కానీ, తేలిందని చెప్పకపోతే నీకు పరేషాన్ ఉంటుందని రాస్తున్నాను. లచ్చయ్యతో మాట్లాడుకున్నాం. పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్లు కోతలయ్యాక ఖాళీ చేస్తారు, చేను నీ ఇష్టం. దశరథ గారికి కబురు చేసుకో. నీ ఇల్లు నీకు వస్తుంది, గృహప్రవేశానికి పిలవడం మరిచిపోకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నాకిప్పుడు తీరిక బాగానే ఉంది, పట్టపగలు అరుగు మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. పద్మమ్మ దొడ్డిలో బెండ విత్తింది, మొలకలు వచ్చాయి. మోకాలు కాస్త నయం.

ఆరోగ్యం చూసుకో.

సోమన్న

*

మిర్యాలగూడ,
జూన్ 26.

సోమన్న అన్నకు, శాంత రాయునది.

నీ ఉత్తరంలో ఒక్క గొర్రె కూడా లేదు. చించేస్తానన్నది నేనే, కానీ నువ్వు ఎప్పుడు నా మాట విన్నావు గనుక? మొదటిసారి చదివినప్పుడు బాగుందనే అనుకున్నాను, ఇల్లు వస్తోందని సంతోషించాను కూడా. రెండోసారి చదివినప్పుడు దొడ్డి దగ్గర ఆగిపోయాను. దొడ్డిలో బెండ విత్తిందా వదిన? మీ దొడ్డిలో మొలక బతుకుతుందా? తలపాగనే వదలని మంద అది. పైగా వానలు పడే వేళ, పచ్చిక లేచే వేళ, నువ్వు పట్టపగలు అరుగు మీద కూర్చున్నావు. మంద మొత్తం లచ్చయ్యకు తోలేశావు. అంతేనా? జవాబు రాయకు, నాకు తెలిసిపోయింది.

ఆ రాత్రి వాన పడింది. చలికి పెట్టె తెరిచి మీ అమ్మ ఇచ్చిన గొంగడి తీశాను. కప్పుకోగానే ఆ ఉన్ని వాసనకు నాకు తాలూకా కచేరీ గుర్తొచ్చింది. ముఖ్తార్‌నామా రాయించిన రోజు కూడా ఇలాగే వాన. మున్షీ ఉర్దూలో గడగడా చదివాడు, నీకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నాకు సగమే అర్థమైంది. ఈ గొంగడే కప్పుకుని నీతో బయటికి వచ్చాను. గేటు దగ్గర ఎడ్లను పట్టుకుని లచ్చయ్య నిలబడి ఉన్నాడు.

"ఇగ చేను సంగతి ఎవర్ని అడగాలె అమ్మా?" అన్నాడు.

"సోమన్నను అడుగు లచ్చయ్యా. ఆయన ఏమంటే నేనన్నట్టే. నా మాట ఇక ఆయన నోట్లోనే ఉంటది" అన్నాను. నవ్వుతూ అన్నాను. నాన్న పోయి నెల కాలేదు, అయినా ఆ రోజు నవ్వాను, నువ్వున్నావన్న ధైర్యంతో.

కాగితంలో కౌలని రాయించి, నోటితో అంతా నీదే అన్నాను. నువ్వు విన్నది నోటిమాట, లచ్చయ్య విన్నదీ అదే. వకీలు అడిగితే లేదన్నాను. అబద్ధమని తెలిసి అనలేదు అన్నా, కానీ ఎంత సులువుగా మరిచిపోయాను!

మళ్లీ వకీలు దగ్గరికి పోయాను. ఆ గేటు దగ్గరి మాట చెప్తే ఆయన కళ్లద్దాలు తీశాడు. "మీరే అలా చెప్పి ఉంటే వాళ్లు మిమ్మల్ని నమ్మి తవ్వినట్టు. ఇక ముఖ్తారు మీదికి తోయలేరు. మీరు ఆ మాటకు ఒప్పుకుంటే మొదటి నుంచీ మీరే చేయించినట్టు అవుతుంది, ఆయన మీద ఏ బాధ్యతా ఉండదు" అన్నాడు. గొంతు తగ్గించి, "కాని ఆ రోజు అలా అన్నారని ఇప్పుడు చెప్పేదెవరు? వాళ్లు ఇంతవరకు ఎత్తలేదు కదా" అన్నాడు. నేను చెప్తానండీ అని లేచి వచ్చేశాను.

దశరథ గారికి వద్దని రాశాను. మంచాన పడుకుని జామచెట్టు కోసం కాసేపు ఏడ్చాను. దాచడమెందుకు?

వచ్చే శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. లచ్చయ్యను, ముత్తమ్మను, ఆ పెద్దమనుషులను చేను దగ్గరికి పిలిపించు. నీ గొంగడి తేవద్దు. నా గొంగడి నేను తెస్తున్నాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ కచేరీ మాట నీకు గుర్తు లేదంటే నమ్మను. మరి ఎందుకు రాయలేదు?

నీ చెల్లెలు,
శాంత

*

సూర్యాపేట,
జూలై 10.

చెల్లె శాంతకు, అన్న సోమన్న, వదిన పద్మమ్మ దీవెనలు.

బస్సు ఎక్కించి వచ్చాక ఇల్లు బోసిపోయింది. నువ్వు వచ్చిపోయిన సంగతి ఊళ్లో ఇంకా చెప్పుకుంటున్నారు. ముఖ్యంగా ముత్తమ్మ. నువ్వు ఏనుగు గుండు పక్కన గొంగడి పరిచి కూర్చుని, పక్కకు రమ్మంటే ఆమె రాలేదు కదా. "టీచరమ్మ పక్కన నేనెట్ల కూసుంట, నా చీర సూడుండ్రి, అంతా మట్టే" అంది. "అది నా చేను మట్టే, రా" అని నువ్వు కొంగు పట్టి లాగావు. ఆ మాట ఆమె బావికాడికి వచ్చిన ప్రతి మనిషికీ చెబుతోంది. బావి ఖర్చు వాళ్లది కాబట్టి మెట్ట ధరకే ఇస్తానన్నావు చూడు, అప్పుడు లచ్చయ్య తల వంచుకుని ఎడ్ల దిక్కు పోయాడు. ఏడుస్తున్నాడని ఎడ్లకు తెలిసింది.

ఆ రోజు జనం మధ్య నువ్వు అడిగితే జవాబు ఎగ్గొట్టాను. ఇప్పుడు రాస్తున్నాను. కచేరీ మాట రాద్దామని రెండుసార్లు కలం పట్టాను. రాస్తే నీ మాటతోనే నిన్ను కట్టేసినట్టు అనిపించింది. నన్ను నీ బదులు పెట్టుకున్నది నిన్ను కాపాడమని కదా, ఇరికించమని కాదు కదా. నా మీద పడితే మంద పోతుంది, నీ మీద పడితే ఇల్లు పోతుంది. గొర్లు మళ్లీ ఈనుతాయి, ఇల్లు ఈనదు కదా అని సరిపెట్టుకున్నాను. పద్మమ్మ కూడా సరేనంది. అని రెండు రోజులు అన్నం తినలేదు.

మంద తోలేశాక జరిగింది నీకు చెప్పనే లేదు. అవి లచ్చయ్య ఇంట్లో ఉంటేనా! రోజూ పొద్దుగూకే వేళకు కొమ్ముల పొట్టేలు ముందు నడుస్తుంటే అన్నీ మా వాకిట్లోకి వచ్చేవి. పద్మమ్మ లోపలికి పోయి తలుపు వేసుకునేది. నేను మళ్లీ తోలుకుపోయి లచ్చయ్యకు అప్పగించేవాణ్ని. "వద్దు సోమన్నా, నాకు వీటి భాష రాదు, తీస్కపో" అని ఆయన, "మాట మాటే" అని నేను. దోవ పొడుగునా ఆ నల్లపిల్ల నా ధోవతి పట్టుకుని వెనక్కి గుంజేది. గుండె రాయి చేసుకున్నాను గానీ, ఆ పిల్లకు రాయి గుండె సంగతి ఏం తెలుస్తుంది?

నీ ఇల్లు పోయిందన్న బాధ నాకుంది. దాన్ని తీయని మాటలతో కప్పను. కానీ నువ్వు గొంగడి పరిచినప్పుడు అచ్చం పంతులు కూర్చున్నట్టే, ఒక మోకాలు పైకెత్తి కూర్చున్నావు. మా అమ్మ ఉంటే చూసి మురిసేది.

నువ్వు వెళ్లిన సాయంత్రం లచ్చయ్యే మందను తోలుకొచ్చాడు. ఈసారి నేను లేచి వెనక్కి తోలలేదు. పద్మమ్మ తలుపు బార్లా తీసింది. పొట్టేలు దర్జాగా ముందు నడిచింది, బొల్లిమూతి, పిల్లలు, అన్నీ దొడ్డిలోకి దూరాయి. తెల్లారి చూస్తే బెండ మొక్క ఒక్కటి మిగలలేదు. పద్మమ్మ గడపలో కూర్చుని వాటినే చూస్తూ ఉంది. "బెండకాయ కూర ఎవడికి కావాలె పో" అంది.

సోమన్న